సైదులు అనే పేరు ఎక్కడిది?

"జాన్‌పహాడ్ సైదులకు మొక్కినంకనే మా సైదులు పుట్టిండు. అందుకే సైదులుకు పుట్టువెంట్రుకలు అక్కడనే తీయించినం."

మా అమ్మ ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. సైదులు మా పెద్దన్న. అన్న కంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు నెల తిరగకుండానే పోయారు. మూడోసారి అమ్మ కడుపుతో ఉన్నప్పుడు నాయినమ్మ ఆమెను ఎడ్లబండి మీద జాన్‌పహాడ్ దర్గాకు తీసుకెళ్ళి, బిడ్డ బతికి బట్టకడితే నీ పేరే పెట్టుకుంటమని మొక్కించింది. అట్లా మా ఇంటికి ఒక సైదులు వచ్చాడు. మా ఊళ్ళో అప్పటికే చాలామంది ఉన్నారు. బడిలో హాజరు పిలిచేటప్పుడు సారు ఇంటిపేరుతో కలిపి పిలవకపోతే నలుగురు ఒకేసారి లేచి నిలబడేవారు.

నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు ఇంత మామూలుగా ఉండే ఈ పేరు, పాత నల్లగొండ జిల్లా దాటితే చాలామందికి అర్థం కాదు. అన్న హైదరాబాద్‌లో గది వెతుక్కునేటప్పుడు ఒక ఇంటి యజమాని పేరు విని "మీరు ముస్లింలా?" అని అడిగి, కాదంటే నమ్మలేదట. నిజామాబాద్ నుంచి వచ్చిన దోస్తు ఒకడు "సాయిలు అని రాయబోయి తప్పు రాసిన్రా?" అన్నాడట. పిల్లల పేర్ల జాబితాల్లో వెతికితే ఈ పేరు చాలావాటిలో ఉండదు, ఉన్నచోట అర్థం ఏదో ఒకటి అంటించి ఉంటుంది. అందుకే ఈ పేరు చిక్కుముడిని నాకు తెలిసినంతలో విప్పి చెబుదామని కూర్చున్నాను.

ముందు అర్థం సంగతి. సైదులు అనే మాటలో రెండు ముక్కలున్నాయి: సైదు, లు. మొదటిది అరబ్బీ నుంచి వచ్చింది, రెండోది అచ్చ తెలుగు.

అరబ్బీలో సయ్యద్ అంటే ప్రభువు, యజమాని, పెద్దమనిషి. మర్యాద మాటగా మొదలై, తర్వాత మహమ్మద్ ప్రవక్త వంశంవారికి బిరుదు అయింది. ప్రవక్త బిడ్డ ఫాతిమా, అల్లుడు అలీ, వారి కొడుకులు హసన్, హుసేన్. ఈ ఇద్దరి సంతతిని సయ్యదులు అంటారు. మన ఊళ్ళల్లో పీర్ల పండుగనాడు ఆసన్న, ఊసన్న అని పాటలు కట్టి పాడేది ఈ హసన్, హుసేన్‌ల గురించే. అంటే సైదులు అనే మాట మూలం, ఇక్కడివాళ్ళు పీర్ల గుండం చుట్టూ ఆడుతూ చిన్నప్పటి నుంచి వింటున్న కథలోనే ఉంది. ఇప్పటి అరబ్బీలో సయ్యద్ అనే మాటను మనం పేరు ముందు శ్రీ అని పెట్టినట్టుగా కూడా వాడతారు.

సయ్యద్ సైదు ఎట్లా అయింది? తెలుగు నాలుకకు మాట చివర అచ్చు కావాలి. బజార్ బజారు అయింది, జవాబ్ జవాబు అయింది, ఫకీర్ పకీరు అయింది. అట్లాగే సయ్యద్‌కు చివర ఉకారం చేరింది, మధ్యలో ఉన్న "అయ్య" ఒత్తు కరిగి "ఐ" అయింది. సయ్యదు, సైదు. రెండు మూడుసార్లు గబగబా అని చూడండి, నోరే ఆ దారి పడుతుంది.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. సైదులు అంటే "సంతోషంగా ఉండేవాడు", "అదృష్టవంతుడు" అని కొందరు చెబుతారు. ఆ అర్థం సయీద్ అనే వేరే అరబ్బీ పేరుది. వినడానికి దగ్గరగా ఉన్నా రెండింటి ధాతువులు వేరు: ఒకటి పెద్దరికం గురించి, మరొకటి అదృష్టం గురించి. సిద్దులు అనే పేరుతో కూడా కలిపేస్తుంటారు. అది సిద్ధుల నుంచి, శైవం వైపు నుంచి వచ్చిన పేరు, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఇంకొక మాట కూడా ఉంది, దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. జాన్‌పహాడ్‌లో ఉన్నవారిని షహీద్ అని, అంటే అమరులైనవారని చెబుతారు. పల్లె నోట్లో "ష" "స" అవుతుంది కాబట్టి, షహీదు కాస్తా సయీదు, సైదు అయిందేమో అనే వాదన ఉంది. ధ్వని లెక్కన అది కుదురుతుంది. అయినా నా మొగ్గు సయ్యద్ వైపే. ఎందుకంటే దర్గాలో ఉన్నవారి పేరులోనే సయ్యద్ ఉంది: సయ్యద్ మొహినుద్దీన్ షా. ఆయన పక్కన జాన్‌పాక్ షహీద్. ఒకరి పేరు ముందు సయ్యద్, ఇంకొకరి పేరు వెనుక షహీద్. జనం నోట్లో ఈ రెండూ ఒకదానికొకటి తోడై సైదు అనే మాటను గట్టిపరిచి ఉంటాయి.

ఇక నాకు ఇష్టమైన ముక్క, "లు". బహువచనానికి వాడే ఈ "లు"ను తెలుగులో మర్యాదకు కూడా వాడతాం. రాముడు ఒక్కడే అయినా రాములు, ఆంజనేయుడు ఒక్కడే అయినా ఆంజనేయులు. నర్సింహులు, శ్రీనివాసులు, వెంకటేశ్వర్లు అన్నీ ఇదే వరుస. దేవుడి పేరును ఏకవచనంలో పిలవడానికి మనసొప్పక, గౌరవంగా "లు" చేర్చి, అదే పేరును పిల్లలకు పెట్టుకున్నారు. సయ్యద్‌కు కూడా సరిగ్గా ఆ మర్యాదే చేశారు. పైగా జాన్‌పహాడ్‌లో ఉన్నది ఇద్దరు కాబట్టి, ఈ ఒక్క పేరులో బహువచనం, గౌరవం రెండూ ఇమిడిపోయాయి.

మొదట రాసిన మా అమ్మ మాటను ఇంకోసారి చూడండి. "సైదులకు మొక్కినంక", "సైదులుకు పుట్టువెంట్రుకలు". ఆమె బడికి పోలేదు, వ్యాకరణం చదవలేదు. కానీ దర్గాలో ఉన్నవారి గురించి చెప్పినప్పుడు "సైదులకు" అంటుంది, కొడుకు గురించి చెప్పినప్పుడు "సైదులుకు" అంటుంది. మొదటిది నిజమైన బహువచనం కాబట్టి "లు" "ల" అయింది. రెండోది ఒక మనిషి పేరు కాబట్టి "లు" కదలలేదు. క్రియ కూడా అంతే: "మా సైదులు వచ్చిండు" అంటాం కానీ "వచ్చిన్రు" అనం. అరబ్బీ నుంచి వచ్చిన మాట తెలుగు వ్యాకరణంలో ఇంత లోతుకు దిగిందంటే, అది ఎప్పుడో మన పేరు అయిపోయినట్టే.

ఇంకో సంగతి. ముస్లిం ఇళ్ళల్లో సయ్యద్ అనేది వంశాన్ని చెప్పే మాట. పేరు ముందు వస్తుంది, ఎక్కువగా ఆ వంశంవారే పెట్టుకుంటారు. "సైదులు" అని "లు" చేర్చి పిల్లాడికి పేరు పెట్టుకునేది ఎక్కువగా హిందూ ఇళ్ళే. అంటే ఏ పేరు విని "ముస్లింలా?" అని అడుగుతున్నారో, ఆ పేరు చివరి అక్షరమే జవాబు చెబుతోంది. అడిగేవాళ్ళకు అది వినపడదు, అంతే.

జాన్‌పహాడ్ ఎక్కడుందో తెలియనివారికి: సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో, కృష్ణా నదికి దగ్గర్లో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది నల్లగొండ జిల్లానే. మా మాటల్లో ఇప్పటికీ అది నల్లగొండే. నదికి అవతల పల్నాడు. అక్కడి జనం కూడా వస్తారు, అందుకే గుంటూరు, పల్నాడు వైపు కూడా సైదులు, సైదారావు, సైదమ్మలు కనపడతారు. ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది. ఉర్సు అంటే అరబ్బీలో పెళ్ళి అని అర్థం. మహనీయుడు చనిపోయిన రోజును దేవుడితో కలిసిన రోజుగా, పెళ్ళిగా చూడటం సూఫీల పద్ధతి. మా ఊళ్ళో మాత్రం దాన్ని ఉర్సు అనేవారు తక్కువ, "సైదన్న జాతర" అనేవారే ఎక్కువ.

శుక్రవారం పోయి చూస్తే సంగతి అర్థమవుతుంది. ట్రాక్టర్లలో, ఆటోల్లో చుట్టాలందరినీ ఎక్కించుకుని దిగుతారు. చెట్ల కింద రాళ్ళ పొయ్యిలు వెలుగుతుంటాయి. మొక్కు తీర్చుకునేవాళ్ళు మేకపోతును కోసి కందూరు చేస్తారు. కందూరి అనేది పార్శీ మాట, విందుకు పరిచే గుడ్డను అట్లా అనేవారు. తమిళనాడులోని నాగూరు దర్గా ఉర్సుకు కూడా కందూరి అనే పేరే ఉంది. మా దగ్గర మాత్రం కందూరు అంటే మొక్కు కూర, బంధువుల బంతి. లోపల ఊదు పొగ, మల్లెపూల వాసన కలిసి గొంతులో పట్టుకుంటుంది. ఆడవాళ్ళు బెల్లం కలిపిన మలీద ముద్దలు తెస్తారు. దర్గాను చూసుకునే ముజావర్ ఫాతిహా ప్రార్థన చదివి, నెమలి ఈకల కట్టతో పిల్లల తలల మీద మెల్లగా తడతాడు. బొట్టు పెట్టుకున్న తల్లి, తలకు గుడ్డ చుట్టిన ముజావర్, మధ్యలో గుండు మీద గంధం పూసుకుని ఏడుస్తున్న పిల్లాడు. ఆ పిల్లాడి పేరు ఏమై ఉంటుందో ఇక చెప్పాలా?

అసలు మన పెద్దలు పేరు ఎట్లా పెట్టేవారో గుర్తు చేసుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. పేరు అందంగా ఉందా, అర్థం గొప్పగా ఉందా అనే ఆలోచన అప్పట్లో చాలా ఇళ్ళల్లో లేదు. బిడ్డ బతకాలి, అదొక్కటే చింత. అందుకు రెండు దారులు కనపడతాయి. ఒకటి, బిడ్డను విలువ లేనివాడిగా చూపి చావు కన్ను పడకుండా చేయడం: పెంట మీద పడేసి తెచ్చుకున్నామని పెంటయ్య, అడుక్కుని తెచ్చుకున్నామని భిక్షం, భిక్షపతి, బిచ్చయ్య. రెండోది, బిడ్డను ఒక దేవుడి పేరు మీద రాసివ్వడం. "వీడు నీవాడు, నువ్వే కాపాడుకో" అని. సైదులు ఈ రెండో దారి పేరు. అందుకే మా అమ్మ అన్నను ఎంత కోపమొచ్చినా పేరు పెట్టి తిట్టేది కాదు. తిట్టాల్సి వస్తే "ఓరి పెద్దోడా" అనేది. నన్ను, చెల్లెను మాత్రం మా పేర్లతోనే కడుపు నిండా తిట్టింది. ఎందుకని అడిగితే, "వాని పేరు వానిది కాదు కదా" అంది.

ఈ లెక్కన పేరు వింటే మనిషి ఏ గుట్ట నీడన పుట్టాడో చెప్పొచ్చు. యాదయ్య, యాదగిరి అంటే యాదగిరిగుట్ట. లింగయ్య, లింగస్వామి అంటే సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామి కావచ్చు. రామలింగయ్య అంటే నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడు కావచ్చు. మహబూబ్‌నగర్ వైపు పోతే కుర్మయ్య, కురుమూర్తి వినపడతారు, చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి గుట్ట స్వామి పేరు అది. ఈ వరుసలో సైదులు ఒంటరి పేరేమీ కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి 2016లో రంగారెడ్డికి పోయిన కొత్తూరు మండలంలో, ఇన్ముల్‌నర్వ దగ్గర జహంగీర్ పీర్ దర్గా ఉంది. ఆ చుట్టుపక్కల హిందూ ఇళ్ళల్లో జహంగీర్, వాడుకలో జాంగీర్ అనే పేరు ఉంటుంది. వినగానే మొగలు చక్రవర్తి గుర్తుకొస్తాడు కానీ, ఆ పేరు పెట్టిన తల్లికి చక్రవర్తితో పని లేదు, ఆమె మొక్కింది కొత్తూరు పీరుకు.

రాయలసీమకు పోతే దస్తగిరి. బాగ్దాదులో 1166లో కన్నుమూసిన అబ్దుల్ ఖాదర్ జిలానీకి ఉన్న బిరుదు అది, చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు అని పార్శీ అర్థం. నెల్లూరు, గుంటూరు వైపు మస్తానయ్య, మస్తాన్‌రావు, నాగూరు దర్గా పేరు మీద నాగూరయ్య. తెలుగు నేల మీద ఒక్కో ప్రాంతానికి ఒక్కో పీరు పేరు ఉంది. మాకు వచ్చింది సైదులు.

ఒకే పేరు ఇల్లు ఇల్లుకూ వేషం మార్చుకోవడం కూడా చూడదగ్గది. ఒక ఇంట్లో సైదయ్య, ఒక ఇంట్లో సైదులు, ఇంకో ఇంట్లో సైదాచారి, తండాలో సైదానాయక్, ఆడపిల్ల అయితే సైదమ్మ. రెడ్డి ఇంట్లో సైదిరెడ్డి. 2019లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచిన శానంపూడి సైదిరెడ్డి పేరు పేపర్లలో వచ్చినప్పుడు, బయటి జిల్లాలవాళ్ళు చాలామంది ఈ పేరు మొదటిసారి విని ఉంటారు. జాన్‌పహాడ్ ఉన్న పాలకీడు మండలం ఆ నియోజకవర్గంలోనిదే. పేరు చివర తోక ఏ కులానిదైనా, ముందు ముక్క ఒకటే. ఏ కులం తల్లి అయినా ఒకే గడప ముందు కొంగు పట్టి నిలబడిందని దీనికంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

పేరుతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. అన్న కొడుక్కు కుల ధ్రువీకరణ పత్రం కోసం పోయినప్పుడు, ఒక ఆఫీసులో గుమాస్తా తండ్రి పేరు సైదులు, తాత పేరు లింగయ్య అని చూసి ఫైలు పక్కన పెట్టాడు. "తండ్రి ముస్లిం, తాత హిందువా? బీసీ–ఈ కింద పెట్టాలా?" అని అడిగాడు. బీసీ–ఈ అంటే ముస్లింలలోని వెనుకబడిన వర్గాల కోటా. మూడుసార్లు తిరిగాక, మా మండలం నుంచి బదిలీ మీద వచ్చిన ఇంకో ఉద్యోగి చూసి నవ్వి, "మా మామ పేరు కూడా సైదులే" అన్నాక పని అయింది. అన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. యాభై ఏళ్ళు మోసిన పేరుకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం చిన్న బాధ కాదు.

ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో టెన్షన్. ఎస్, ఏ, ఐతో రాసేవాళ్ళు ఉన్నారు, ఎస్, వైతో రాసేవాళ్ళు ఉన్నారు, మధ్యలో హెచ్ చేర్చేవాళ్ళు ఉన్నారు. టెన్త్ మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకటి ఉంటే పింఛను రోజున తంటా మొదలవుతుంది. ఇంట్లో సైదులు ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: టెన్త్ మెమోలో ఎట్లా ఉందో అన్నింట్లో అట్లాగే ఉండేలా ఇప్పుడే సరిచూసుకోండి.

ఇప్పుడు ఈ పేరు పెడుతున్నారా? తగ్గింది, బాగా తగ్గింది. మా వైపు పెళ్ళి పత్రికలు చూస్తే తెలిసిపోతుంది. తాత పేరు సైదులు, లేకపోతే పెళ్ళికొడుకు తండ్రి పేరు సైదులు, పెళ్ళికొడుకు సాయితేజ. ఈ తరం సైదులులు కూడా కాలేజీకి పోగానే సాయి అయిపోతున్నారు. అది నామోషీ వల్ల జరుగుతోందని చాలామంది అంటారు. కొంత నిజమే. కానీ అంతకంటే పెద్ద కారణం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది, తెలంగాణలో 21. మొక్కు పేర్లు పుట్టింది ఆ 129 నాటి భయంలోంచి. వరసగా ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న తల్లి, మూడో బిడ్డ పేరు గురించి బేరం ఆడుకునే స్థితిలో ఉండదు. ఇప్పుడు కాన్పు ఆసుపత్రిలో జరుగుతోంది, టీకాలు పడుతున్నాయి, పిల్లలు బతుకుతున్నారు. భయం తగ్గిన మేరకు మొక్కు పేరు తగ్గింది. పెంటయ్య పోయినందుకు ఎవరూ బాధపడరు, పోవాల్సిన పేరే అది. సైదులు తగ్గుతుంటే మాత్రం నాకు మనసు ఒప్పదు. పేరుతో పాటు ఆ "లు" పోతుంది, "సైదులకు", "సైదులుకు" అనే తేడా పోతుంది, పక్క మతంవాళ్ళ దేవుడికి మన ఇంటి పిల్లాడిని అప్పగించిన ఆ నమ్మకం జాడ కూడా పోతుంది.

కానీ దీని మీద నాకంటే అన్నకే ఎక్కువ హక్కు ఉంది. పోయినేడు అన్నకు మనవడు పుట్టాడు. ఏం పేరు పెడదామని కోడలు వచ్చి అడిగింది. నేను అక్కడే ఉన్నాను, అన్న ఏమంటాడా అని చూశాను.

"నా పేరు మీ నాయినమ్మ మొక్కు, బిడ్డా. ఆ మొక్కు నాతోని తీరిపోయింది. వీడు దవాఖానల మంచిగ పుట్టిండు, మీకు నచ్చిన పేరు పెట్టుకోండ్రి" అన్నాడు. కాసేపాగి, "పుట్టువెంట్రుకలు మాత్రం జాన్‌పహాడ్‌లనే తీయాలె. శుక్రవారం చూసి చెప్తా" అని క్యాలెండర్ కోసం లోపలికి పోయాడు.